నడుము గోలీ, నీళ్ళ లెక్క

గుండెలో నొప్పి వచ్చిందని మనిషి నలుగురికీ చెప్పుకోగలడు. షుగర్ ఉందంటే చాయ్‌లో చక్కెర తగ్గించి ఇస్తారు, అయ్యో అంటారు. మూత్రం ఆగడం లేదని మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. నేనూ చెప్పుకోలేదు. ఆ చెప్పుకోకపోవడం వల్ల దాదాపు ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు తేరుకున్నాను కాబట్టి, నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు నలభై ఎనిమిదేళ్ళు. నాందేడ్‌లో ఆయిల్ ఇంజన్లు, పంపులు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగో జమాత్ వరకు చదివాను. తర్వాత నాకు లెక్కలు నేర్పినవి బావులే. బావి ఎంత లోతు, నీళ్ళు ఎక్కడున్నాయి, పొలం ఎంత ఎత్తులో ఉంది అన్నవి తెలిస్తే ఎన్ని హార్స్‌పవర్ల ఇంజన్ కావాలో, పైపు ఎంత లావుండాలో కాగితం లేకుండా చెప్పగలను. రైతు నోటిమాట మీద చెప్పను. బావిలోకి దిగి, ఊట ఏ రాతిలోంచి వస్తోందో చూసి చెబుతాను. అందుకే భోకర్ నుంచి ముఖేడ్ దాకా నన్ను మాస్తర్ అంటారు. ఏ బడిలోనూ పాఠం చెప్పినవాణ్ణి కాను.

డెబ్బై ఏడు ఎండాకాలంలో ఒక బావిలో మెట్టు జారి నడుము పట్టేసింది. పడుకుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. నా భార్య సావిత్ర తమ్ముడు రాజన్న నిజామాబాద్‌లో ఉంటాడు. అతడు వచ్చి నన్ను రైలెక్కించి తీసుకుపోయి అక్కడి డాక్టర్‌కు చూపించాడు. ఇక్కడ డాక్టర్లు లేక కాదు. మరాఠీలో నేను ఇంజన్ అమ్మగలను, బ్యాంకువాళ్ళతో వాదించగలను. నొప్పి మాత్రం తెలుగులో తప్ప చెప్పుకోవడం చేతకాదు. నాందేడ్‌లో ఉండే మావాళ్ళు చాలామంది ఇంతే. జ్వరానికి, దగ్గుకు ఇక్కడి డాక్టర్, లోపలి బాధలకు నిజామాబాద్ డాక్టర్.

ఆయన బిగుసుకున్న కండరాలు సడలడానికని గోలీలు రాసిచ్చాడు. పదిహేను రోజులు వేసుకుని మళ్ళీ వచ్చి చూపించమన్నాడు. గోలీలు పనిచేశాయి. నడుము వదిలింది, నిద్ర పట్టింది. బాగయ్యాక మళ్ళీ రైలెక్కి పోవడం ఎందుకనిపించింది. రాజన్న ఆ చీటీ చూపించి అక్కడి దుకాణంలో కొని పంపసాగాడు. నిజామాబాద్ నుంచి మాకు పసుపు వస్తుంది, శుభలేఖలు వస్తాయి, కొత్త చీరలు వస్తాయి. అన్నీ ప్యాసింజర్ బండిలో వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపుతారు. గోలీలూ అలాగే వచ్చేవి. మా ఇంట్లో వాటి పేరు నడుము గోలీలు. గూట్లో పసుపు డబ్బా పక్కన ఉండేవి. కొన్నాళ్ళకు అవి ఇంట్లోకి వచ్చే సరుకుల్లో ఒకటైపోయి, మందు అనే లెక్కలోంచి జారిపోయాయి. నా కష్టానికంతా మూలం అక్కడుంది. కాని అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏటి వానాకాలం మొదట్లో, ఇంట్లో మిరపకాయలు వేయిస్తుంటే గట్టిగా తుమ్మాను. పంచె తడిసింది. కొద్దిగానే. ఏదో ఆ ఒక్కసారికి అనుకున్నాను. తర్వాత దుకాణంలో పంపు ఎత్తి బల్లమీద పెడుతుంటే మళ్ళీ అలాగే అయింది. పొద్దున బాగానే ఉండేది. పొద్దు వాలేకొద్దీ పట్టు సడలేది. తొడలు కూడా అంతే. మధ్యాహ్నం భోజనం వేళకు అవి నావి కానట్టు తేలిపోయేవి. ఒకరోజు బావిలో తాడు పట్టుకుని సగం దిగాక చేతుల్లో, కాళ్ళల్లో సత్తువ అయిపోయినట్టయింది. ఎలాగో మెట్టుమీదికి వచ్చి కూర్చున్నాను. పైనున్న రైతులు నేను ఊట చూస్తున్నానని అనుకున్నారు. నేను మళ్ళీ పైకి ఎక్కగలనా అని చూసుకుంటున్నాను.

వయసు అనుకున్నాను. వయసుకు మందు లేదు గనక లెక్క వేశాను. తొట్టిలోకి వచ్చే నీళ్ళు తగ్గిస్తే పోయే నీళ్ళూ తగ్గాలి. ఇందులో తప్పేముంది? బయటికి పోయే రోజుల్లో పొద్దున ఒక గ్లాసు, మళ్ళీ ఇంటికి వచ్చాక ఒక గ్లాసు. మధ్యలో గొంతు ఎండితే వక్కపలుకు నోట్లో వేసుకునేవాణ్ణి. తొట్టి లెక్క ప్రకారం కష్టం సగం కావాలి. కాలేదు. మూత్రం చిక్కబడి మంట పెట్టేది, ఉన్న కొంచెమే బయటికి పోతానని తొందర పెట్టేది. నాందేడ్ నుంచి ముఖేడ్ దాకా రోడ్డు పక్కన ఎక్కడ గోడ ఉందో, ఎక్కడ తుమ్మచెట్టు ఉందో నాకు కంఠస్థమైంది. బస్సులో తలుపు పక్క సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసేవాణ్ణి. సినిమాకు పోవడం మానేశాను. పెళ్ళికి పోతే పంక్తి భోజనానికి కూర్చునేవాణ్ణి కాను. పంక్తిలో అందరూ తినేదాకా మధ్యలో లేవకూడదు గదా.

ఇంట్లో నా పంచె నేనే ఉతుక్కోవడం మొదలుపెట్టాను. మంచం ముందుగదిలోకి మార్చుకున్నాను. సావిత్ర కొన్నాళ్ళు చూసి, ఒకరోజు బట్టలుతికే జాలాట్లో నా వెనక వచ్చి నిలబడింది.

"ఏంది సుధ బాపూ, ఎన్నడు లేంది పంచె నువ్వే పిండుకుంటున్నవు?"

సుధ మా పెద్దకూతురు. పెళ్ళయి పోయినా సావిత్ర నన్ను దాని పేరుతోనే పిలుస్తుంది.

"చేతులకు పనుంటె నడుముకు మంచిదంట" అన్నాను.

"పని గావాల్నంటె గిన్నెలున్నయి తోముటానికి. రా."

నేను నవ్వలేదు. అప్పటికే నవ్వడానికీ భయపడే స్థితికి వచ్చాను. ఆమె ముఖం మాడ్చుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత కొన్ని వారాలు మా ఇద్దరి మధ్య ఉప్పు, పప్పు మాటలు తప్ప ఇంకేమీ లేవు.

ఎడ్ల పండుగ పోళా దాటాక ధైర్యం చేసి స్టేషన్ దగ్గరి మరాఠీ డాక్టర్ దగ్గరికి పోయాను. పెద్దాయన, హస్తవాసి మంచిదని పేరు. అక్కడ బల్లలమీద కూర్చోవడమే ఒక పరీక్ష. కిటికీలో కాంపౌండర్ ప్రతివాణ్ణీ "ఏం కష్టం?" అని గట్టిగా అడుగుతాడు, అతడు చెప్పింది ఇంకా గట్టిగా లోపలికి వినిపిస్తాడు. నా ముందువాడి విరేచనాల సంగతి రోడ్డుమీద రిక్షావాళ్ళకు కూడా తెలిసింది. నా వంతు రాగానే జ్వరం అన్నాను. లోపలికి పోయాక అసలు సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాను. మూత్రం అనే మాటకు మరాఠీలో ఉన్న మాట నాకు తెలుసు, కాని నోట్లోంచి రాలేదు. కిందికి చేయి చూపించాను.

ఆయన ఓపికగా అడిగాడు. షుగర్ పరీక్ష చేయించాడు, లేదన్నాడు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అన్నాడు.

లేదన్నాను. అబద్ధం చెప్పానని నాకు తోచనే లేదు. ఆ క్షణాన నడుము గోలీలు గుర్తొచ్చినా చెప్పేవాణ్ణి కాదేమో. ఒక డాక్టర్ ముందు ఇంకో డాక్టర్ మందు మాట ఎత్తితే, నీ మీద నమ్మకం లేదన్నట్టు ఉంటుందని మా పెద్దలు నేర్పిన మర్యాద.

ఆయన ఇచ్చిన గోలీలతో నోరు సుద్దముక్కలా ఎండిపోయింది. పేపర్లో అక్షరాలు అలుక్కుపోయాయి. తొందర కొంత తగ్గినమాట నిజం. కాని కూర్చుంటే పూర్తిగా రాదు, లేచి నాలుగడుగులు వేస్తే చుక్కచుక్కగా వస్తుంది. ముందు తుమ్మితేనే తడిసే పంచె ఇప్పుడు ఊరికే తడవసాగింది. నెలకు మళ్ళీ రమ్మన్నాడు, తగ్గకపోతే మూత్రపు సంచి కింద ఉండే గ్రంథి సంగతి కావచ్చు, హైదరాబాద్ పంపుతాను, ఆపరేషన్ కూడా కావలసి రావచ్చు అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను మళ్ళీ పోలేదు. ఆపరేషన్ చేయించుకున్నాక బావి దిగడం ఉంటుందా? బావి దిగని మాస్తర్‌తో రైతుకు ఏం పని? దుకాణంలో ధరలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అప్పుడు గంగారాం బావి వచ్చింది. భోకర్ దాటాక ఒక చిన్న ఊరు. గంగారాం వాళ్ళ వాడలో అదే మొదటి బావి. బ్యాంకు లోను తెచ్చుకుని, అన్నదమ్ములంతా కలిసి తవ్వుకున్నది. నేను పోయేసరికి ఇంటిముందు మంచం వాల్చి దుప్పటి పరిచారు. అతని భార్య తళతళలాడే ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"తాగుండ్రి మాస్తర్, ఎండల వచ్చిండ్రు."

"వద్దమ్మా, ఇప్పుడే తాగిన."

"చాయ్ వెట్టమంటరా?" అన్నాడు గంగారాం.

"చాయ్ బందు చేసిన."

చెంబు కింద పెట్టి ఆమె లోపలికి పోయింది. బావి దగ్గరికి నడిచాం. గంగారాం తాడు కట్టి సిద్ధంగా ఉంచాడు. కొత్త తాడు. నేను అంచున నిలబడి లోపలికి చూశాను. తొడలు అప్పటికే వణుకుతున్నాయి.

"పైకెల్లే కనవడుతుంది, దిగుడు అవసరం లేదు" అని, ఒక రాయి వేసి, ఆనవాలు పెట్టి, అంకె చెప్పేసి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు అతడు బస్సుదాకా రాలేదు. ఎందుకు రాలేదో నాకు తట్టలేదు. నా తల నిండా తరవాతి తుమ్మచెట్టు ఎంత దూరంలో ఉందన్నదే.

వారం తర్వాత దుకాణానికి వచ్చాడు. మిగతా గిరాకీ ఉన్నా నా ముందుకే వచ్చి నిలబడ్డాడు.

"ఇంజన్ వద్దు మాస్తర్. ఇంకో దుకాణం చూసుకుంట."

"ఏమైంది? ధర ఎక్కువనిపించిందా?"

"ధర గాదు." గొంతు తగ్గించాడు, కాని మాట గట్టిగానే ఉంది. "నీళ్ళు దాగలె, సరే. మా ఇంట్ల దాగనోళ్ళు శానమంది ఉన్నరు, మాకు అలవాటే. గని నువ్వు బాయిల దిగకుంట చెప్పవని సుట్టు ఊర్లన్ని చెప్తయి. ఒక్క మా బాయికాడికి వచ్చేసరికి పైకెల్లి కనవడ్డదా నీకు? మైల వడుతవనుకున్నవా?"

ఇన్నాళ్ళూ నీళ్ళు ఎంత తాగాలో లెక్క వేశాను గాని, ఎవరి చేతి నీళ్ళు కాదంటున్నానో చూసుకోలేదు. ఇంకేం చెప్పినా అతడు నమ్మడు. అతని చేయి పట్టుకుని వెనకాల పైపుల గోదాంలోకి తీసుకుపోయి, చెప్పేశాను. తుమ్ము సంగతి, పంచె సంగతి, తాడుమీద సత్తువ పోయిన సంగతి, అన్నీ. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. భార్యకు చెప్పనిది అతనికి చెప్పాను.

గంగారాం నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నిజమేనా? తప్పించుకునుటానికి చెప్తున్నవా?"

"తప్పించుకునుటానికి గిసొంటి మాట ఎవడన్న చెప్తడా గంగారాం?"

మెల్లగా నవ్వు వచ్చింది అతనికి. "అరె మాస్తర్, నీకు గిన్ని లెక్కలొస్తయి, ఇది రాలేదా? బాయిల దిగి ఎక్కెటోని పంచె తడిస్తె ఎందుకు తడిసిందని ఎవడన్న అడుగుతడా? ఊర్ల అందరికన్న నీకే దాసుకునే పని లేదు."

నేనూ నవ్వాను. ఇనుప పైపుల మధ్య, పంచె ఏమైనా కానీ అనుకుని నవ్వాను.

"డాక్టర్‌కు చూపెట్టినవా?" అన్నాడు.

"చూపెట్టిన. తగ్గలె."

"తగ్గలేదని పోయి చెప్పినవా మల్ల?"

"లేదు."

"మరి ఆయినకెట్ల తెలుస్తది? నీ ఇంజన్ నీళ్ళు గుంజకపోతె నీ దగ్గరికే ఉరికొస్తం గద మేము. పో." గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంజన్ రాసి పెట్టుకో. గని నువ్వు బాయిల దిగినంకనే తీసుకపోత."

ఆ మధ్యాహ్నమే ఇంటికి పోయాను. సావిత్ర జొన్నలు చెరుగుతోంది. పిల్లలు ఇంట్లో లేరు. పక్కన కూర్చుని చెప్పాను. చేట ఆపకుండా వింది. అయిపోయాక చేట కింద పెట్టింది.

"ఇన్ని నెల్లు నేనేమనుకున్ననో ఎర్కనా నీకు? మంచం ముంగట ఏసుకుంటివి. పంచె నా చేతికియ్యకపోతివి. ఎవతెనో తలుసుకున్నవనుకున్న."

"నలభై ఎనిమిదేండ్లకా?"

"దానికెవరన్న ఏండ్లు లెక్కవెడతరా? నువ్వయితె వెడతవ్ తియ్యి." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత అటు తిరిగి అంది, "చిన్నోడు పుట్టినకాడికెల్లి నాకు తుమ్మొస్తె రెండు కాళ్ళు దగ్గరికి తెచ్చుకుంట. నీకెన్నడన్న కండ్లవడ్డదా?"

చిన్నవాడికి పద్నాలుగో ఏడు నడుస్తోంది. నాకు కళ్ళబడలేదు.

"నాకెందుకు చెప్పలె?"

"ఎవలకు జెప్పాలె? ఆడోళ్ళ బతుకు గట్లనే ఉంటదనుకున్న. నువ్వు మొగోని బతుకు గిట్లనే ఉంటదనుకున్నవు. మంచిగనే కలిసినం ఇద్దరం."

మర్నాడు ఇద్దరం డాక్టర్ దగ్గరికి పోయాం. కాంపౌండర్ అడిగినప్పుడు సావిత్రే "చూపెట్టేది ఉంది, డాక్టర్‌కే చెప్తం" అని అతని నోరు మూయించింది. లోపల నేను డాక్టర్ ముందు కూర్చుని, గోలీలతో మేలు కాలేదని, ఇంకా ఎక్కువైందని చెబుతున్నాను. ఆయన హైదరాబాద్‌కు చీటీ రాయడానికి కాగితం ముందుకు లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడు బయట గొడవ. మా వీధి దర్జీ శంకర్ గొంతు. పొద్దుటి బండికి నిజామాబాద్ నుంచి దిగి, మా ఇంటికి తాళం చూసి, మేం ఇక్కడున్నామని పక్కింటివాళ్ళు చెబితే తిన్నగా వచ్చేశాడు. కాంపౌండర్ ఆపుతున్నా వినకుండా పరదా పక్కకు జరిపి తల లోపల పెట్టాడు.

"మామా! రాజన్న నీ నడుము గోలీలు పంపిండు. ఘడియఘడియకు మనిషి దొరకడని ఈసారి రెండు నెల్లకు సరిపడ పంపిండు!"

డాక్టర్‌కు తెలుగు రాదు. గోలీ అన్న మాట మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటే.

"కసలీ గోలీ?" అన్నాడు. ఏ గోలీ అని.

పొట్లం తీసుకుని, విప్పి, పట్టీమీది అక్షరాలు వెలుగులో పెట్టి చదివాడు. రాస్తున్న చీటీని పక్కకు నెట్టేశాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎండాకాలంనుంచి."

"మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను కదా."

"అవి మందులు కావు సాబ్. నడుము గోలీలు" అన్నాను. అన్నాక నా మాట నాకే వినిపించింది.

ఆయన కోప్పడలేదు. మరాఠీలో, నాకు తెలిసిన చిన్నచిన్న మాటల్లో చెప్పాడు. మందుకు ఒంట్లో చిరునామా ఉండదన్నాడు. నడుము కండరం సడలడానికి మింగింది రక్తంలో కలిసి అన్ని కండరాలకూ పోతుంది. అందుకే తొడలు తేలిపోయాయి, అందుకే మధ్యాహ్నానికి అలసట. మూత్రాన్ని కింద పట్టి ఉంచేది కూడా ఒక కండరమే. అదీ సడలింది. కొద్దిరోజులకైతే ఫరవాలేదు, నెలల తరబడి వాడితే కొందరికి ఇలా అవుతుంది. తెలియక ఆయన ఇచ్చిందేమో మూత్రపు సంచిని మెత్తబరిచే మందు. పట్టి ఉంచే తలుపు మూసుకోవడం లేదు, సంచి పిండడం లేదు. "ఇద్దరు డాక్టర్లం మీ ఒంట్లో ఒకరికొకరు తెలియకుండా పనిచేశాం" అన్నాడు.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. బావిలో పైపు చివర ఫుట్‌వాల్వు ఉంటుంది, నీళ్ళు వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచేది. అది చెడిందని చూడకుండా నేను తొట్టిలో నీళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆయనకు అదే చెప్పాను. సంతోషించాడు, కాని ఒప్పుకోలేదు.

"మీ వాల్వులో తోలుబిళ్ళ అరుగుతుంది, మార్చాలి. కండరం అరగదు, అలుస్తుంది. అలిసినదానికి విశ్రాంతి ఇచ్చి పని చెబితే మళ్ళీ గట్టిపడుతుంది. మీ ఇంజన్‌కు ఆ అదృష్టం లేదు."

హైదరాబాద్ చీటీ రాయలేదు. ముందు ఇది చూద్దామన్నాడు. తాను ఇచ్చిన గోలీ ఆపించాడు. నడుము గోలీని మాత్రం ఒక్కసారిగా ఆపవద్దని గట్టిగా చెప్పాడు. ఇన్ని నెలలు వాడినదాన్ని ఉన్నట్టుండి ఆపితే ఇంకో ప్రమాదం. వారం వారం తగ్గించాలి, ప్రతిసారీ తనకు చూపించాలి. ఆ పద్ధతి తన సంతకంతో నిజామాబాద్ డాక్టర్‌కు కూడా రాసి పంపాడు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా నా సంగతి తమ సంగతిలా అనిపిస్తే ఈ ఒక్క మాట రెండుసార్లు చదవమని కోరుతున్నాను. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. మింగేవన్నీ తీసుకుపోయి డాక్టర్ బల్లమీద పెట్టండి.

తగ్గించే వారాలు తేలికగా గడవలేదు. నిద్ర చెదిరేది, నడుము మళ్ళీ పట్టేది, ఊరికే చిరాకు వచ్చేది. సావిత్ర వేడినీళ్ళ కాపడం పెట్టేది, పెడుతూ తిట్టేది. నీళ్ళు మామూలుగా తాగమన్నాడు డాక్టర్. మొదటిరోజు గ్లాసు నిండా తాగడానికి నేను భయపడ్డంతగా ఏ లోతు బావి దిగడానికీ భయపడలేదు.

కండరానికి పని కూడా చెప్పాడు. మూత్రాన్ని మధ్యలో ఆపుకుంటున్నట్టుగా లోపలికి బిగించాలి, కాసేపు పట్టి వదలాలి, వదిలాక అంతసేపు ఊరుకోవాలి. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పదేసి. సావిత్రకు కూడా అదే చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

నేను మళ్ళీ లెక్క వేశాను. పదికి ఇంత బలం వస్తే నూరుకు దానికి పదింతలు రావాలి. దుకాణంలో, బస్సులో, భోజనం చేస్తూ, ధరలు చెబుతూ, అదే పని. వారం తిరక్కుండా సాయంత్రాలు ముందుకన్నా అధ్వానమయ్యాయి. మందు తగ్గిస్తున్నా కష్టం పెరిగిందంటే ఇక గ్రంథే అనుకున్నాను, ఆపరేషనే అనుకున్నాను. అన్నం సయించలేదు. డాక్టర్ దగ్గరికి పోతే, రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నారని అడిగాడు. చెప్పాను. ఆయన సావిత్ర వైపు తిరిగాడు.

"మీరు?"

"మీరు చెప్పినన్నే" అంది మరాఠీలో.

"ఎలా ఉంది?"

"మొన్న తుమ్మితె ఏం గాలేదు" అని ఈసారి తెలుగులోనే అని, నా వైపు చూసింది. డాక్టర్‌కు అర్థమైంది.

"బిగించడం ఒక్కటే లెక్కలోది అనుకున్నారు. ఊరుకోవడం కూడా లెక్కలోదే" అన్నాడు నాతో. "రోజంతా మోస్తే హమాలీ భుజం కూడా పడిపోతుంది."

ఇంటికి వస్తూ సావిత్ర దారంతా నన్ను వదల్లేదు. "మాస్తర్, నా దగ్గర సదువుకో ఇగ" అంది. మధ్యమధ్య ఊరుకోవడం నేర్చుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళకు నేర్చుకున్న కష్టమైన పాఠం అది. చలికాలం మొదలయ్యేసరికి నడుము గోలీ పూర్తిగా పోయింది. తొడల్లోకి సత్తువ ముందు వచ్చింది. పంచె పొడిగా ఉండటం తర్వాత వచ్చింది. ఒక్కరోజులో రాలేదు. రెండురోజులు బాగుండి ఒకరోజు తడిసేది. తర్వాత నాలుగు రోజులు, తర్వాత వారం. మంచం ఎప్పుడు లోపలికి మారిందో చెప్పను.

గంగారాం బావి దిగాను. అడుగుదాకా దిగాను. నేను పైనుంచి చెప్పిన అంకె తప్పు, ఊట ఇంకా కింద పక్కరాతిలో ఉంది. పైకి వచ్చాక ఆ తల్లి ఇచ్చిన చెంబెడు నీళ్ళు తాగి, రెండో చెంబు అడిగాను. గంగారాం ఇంజన్ తీసుకుపోయాడు.

సంక్రాంతి దాటాక నిజామాబాద్ పోయాం, సావిత్ర, నేను. నడుము పరిస్థితి అక్కడి డాక్టర్‌కు చూపించాలి, పదిహేను రోజులకు రమ్మంటే ఇన్నాళ్ళకు వచ్చినందుకు తిట్లు తినాలి. హాలు నిండా జనం. గోడపక్కన ఒక ముసలామె నిలబడి ఉంది. బల్లమీద చోటున్నా కూర్చోలేదు. ఒక కాలుమీద బరువు వేసి, రెండో కాలు దానికి దగ్గరగా పెట్టుకుని, తలుపు వైపే చూస్తోంది. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు.

సావిత్రకూ తెలుసు. "అవ్వా, కూసో" అంది.

"వద్దు బిడ్డా. కూసొని లేస్తె మల్ల..." అని ఆగిపోయింది ముసలామె.

సావిత్ర నా వైపు చూసింది. వద్దన్నట్టు నేను తల ఊపాను. ఆమె ఇక నా వైపు చూడలేదు.

"ఒంటికి ఆగుతలేదా అవ్వా?"

నేను గోడమీద క్యాలెండర్ చదవసాగాను.

"సిగ్గువడకు. మా ఆయినకు గూడ గట్లనే ఉండె" అంది సావిత్ర. అన్ని ముఖాలూ నా మీదికి తిరిగాయి.

"గింత మొగోనికా?" అంది ముసలామె, నన్ను తేరిపార చూసి.

"గింత మొగోనికే. నాకు గూడ. నడుముకు మింగిన గోలీలతోని గట్లయింది ఆయినకు. ఇప్పుడు మంచిగున్నం. ఏమేం గోలీలు మింగుతున్నవు చెప్పు."

"గోలీలేం లేవు బిడ్డా. బీపీదొకటి. కాళ్ళ గుంజుడుకొకటి. నిద్రవట్టకపోతె మా కోడలు తెచ్చిచ్చేదొకటి. గంతే. గవి వేరే."

"ఏడున్నయి?"

ముసలామె కొంగుముడి విప్పింది. చిన్నచిన్న కాగితం పొట్లాలు, ఒకదానిలో ఒకటి. అప్పటికి నా క్యాలెండర్ చదవడం అయిపోయింది. లేచి ఆమె దగ్గరికి పోయాను.

"అవ్వా, ఏదీ నువ్వే బందు చెయ్యకు. గని గివన్ని డాక్టర్ ముందట పొయ్యి. ఏది ఎందుకో, ఎన్నొద్దులసంది మింగుతున్నవో, అన్ని చెప్పు. ఆయిన అడగకున్న చెప్పు."

మూలన పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్న ఒక సేటు పేపర్ కొంచెం దించాడు. "నడుముకు ఏదో గోలీ అంటిరి... అదెట్లుంటదన్నా?" అన్నాడు మెల్లగా. అతని పక్కనున్న ఆవిడ తన సంచిలో చేయి పెట్టి వెతుక్కుంటోంది. ఎవరో నవ్వారు, ఎవరో "మా అత్తకు గూడ" అన్నారు. ముసలామె ఇంకా నిలబడే ఉంది, పొట్లాలు అరచేతిలో పట్టుకుని.

లోపలినుంచి కాంపౌండర్ వచ్చి నా పేరు పిలిచాడు.

"అవ్వను ముందు పంపు" అన్నాను. "నేను కూసుంట. నాకు తొందరేం లేదు."